మో దావ్ జూ షి: నవల దాచింది, యానిమేషన్ వినిపించింది

[తెర మీద నలుపు. సత్రంలో జనం మాటల సందడి వినిపిస్తుంది.]

వాయిస్: వెయ్ వూషియెన్ చచ్చాడట, పీడ విరగడైందట! మో దావ్ జూ షి అనే చైనా నవల మొదలయ్యేది ఈ కబుర్లతోనే. హీరో ఇంకా కనిపించనే లేదు, ఊరంతా అతని చావుని పండగ చేసుకుంటోంది. చంపింది ఎవరు, ఎలా అన్నది తలో రకంగా చెప్తారు. కళ్లారా చూసినట్టే చెప్తారు.

యానిమేషన్‌లో ఆ తీరిక లేదు. నేరుగా యుద్ధంలోకి తీసుకెళ్తుంది.

నా దృష్టిలో రెండింటికీ అసలు తేడా ఇదే. నవల పుకార్లు చెప్పి, మనల్నీ ఆ జనంలో ఒకడిగా నిలబెడుతుంది. యానిమేషన్ మనల్ని హీరో పక్కన నిలబెడుతుంది.

[టైటిల్ కార్డ్]

వాయిస్: రచయిత్రి మో షియాంగ్ థోంగ్ షియూ ఈ నవలని 2015లో జిన్‌జియాంగ్ అనే చైనా వెబ్‌సైట్‌లో సీరియల్‌గా రాయడం మొదలుపెట్టారు. చైనా కంపెనీ టెన్సెంట్ యానిమేషన్ 2018, 2019, 2021లో మూడు సీజన్లుగా వచ్చింది, మొత్తం 35 ఎపిసోడ్లు. ఇక్కడినుంచి అన్నీ స్పాయిలర్లే.

కథ క్లుప్తంగా: చచ్చిన పదమూడేళ్లకి వెయ్ వూషియెన్ ఇంకొకడి ఒంట్లో కళ్లు తెరుస్తాడు. మనకి తెలిసిన పరకాయ ప్రవేశమే, కాకపోతే ఇక్కడ ఒంటి యజమానే తన ప్రాణం ధారపోసి ఇతన్ని పిలుచుకున్నాడు, పగ తీర్చిపెట్టమని.

నవల ఇప్పటి కథ నడుపుతూ, మధ్యమధ్యలో గతాన్ని ముక్కలుగా విసురుతుంది. యానిమేషన్ మొదటి కొన్ని ఎపిసోడ్ల తర్వాత గతంలోకి వెళ్లి, సీజన్ చాలావరకు అక్కడే ఉండిపోతుంది. చూసేవాళ్లకి ఇది సుఖం. కానీ దీనికి మూల్యం ఉంది.

[కత్తి ఒర మీద క్లోజప్]

వాయిస్: యుద్ధం రోజుల నుంచి వెయ్ వూషియెన్ కత్తి పట్టడం మానేస్తాడు. పొగరు అంటారు అందరూ. నవల చదువుతూ మనమూ ఆ సంగతి మర్చిపోతాం, ఎందుకంటే తర్వాత వందల పేజీలు వేరే గొడవలు. చివరికొచ్చాక వెన్ నింగ్ (వెయ్ వూషియెన్ మళ్లీ లేపిన శవం) ఆ కత్తిని జియాంగ్ చెంగ్ (వెయ్ వూషియెన్‌తో కలిసి పెరిగినవాడు) చేతిలో పెట్టి, లాగి చూడమంటాడు. సొంత యజమానికి తప్ప ఇంకెవరికీ ఊడిరాని కత్తి, జియాంగ్ చెంగ్‌కి ఊడొస్తుంది. తన ఒంట్లో ఉన్న శక్తి కేంద్రం వెయ్ వూషియెన్ కోసి ఇచ్చిందని, అది లేకే అతను కత్తి మానేశాడని అప్పుడు తెలుస్తుంది. తను ఇన్నేళ్లూ ద్వేషించిన మనిషిది!

యానిమేషన్‌లో ఆ గతమంతా వరసగా చూశాం కదా, చురుకైన ప్రేక్షకుడికి ముందే డౌట్ వస్తుంది. పైగా ముడి వేసింది 2018లో, విప్పింది 2021 సీజన్‌లో. వారంవారం చూసినవాళ్ల ఓపికకి దండం.

[వెదురు వేణువు ట్యూన్, మెల్లగా]

వాయిస్: సరే, యానిమేషన్ గెలిచిన చోటుకి వద్దాం. దాఫాన్ కొండ మీద వెయ్ వూషియెన్ అప్పటికప్పుడు చెక్కిన వెదురు వేణువు ఊదుతాడు. వెన్ నింగ్‌ని శాంతపరచడానికి ఎక్కడో విన్న ట్యూన్ ఒకటి నోటికొస్తుంది. ఊదుతూ వెనక్కి నడుస్తుంటే ఒకరికి తగులుతాడు. లాన్ వాంగ్జీ, కథలో రెండో హీరో. అతను మణికట్టు పట్టుకుంటాడు, వదలడు.

కొత్త మొహం, కొత్త ఒళ్లు, మరి ఎలా గుర్తుపట్టాడు? నవల ఈ జవాబుని చివరి దాకా నొక్కిపెడుతుంది. ఆ పాట లాన్ వాంగ్జీ కట్టిందే. కుర్రతనంలో, గుహలో, జ్వరంతో పడి ఉన్న ఇతనికి ఒక్కడికే పాడాడు. కాగితం మీద ట్యూన్ వినిపించదు కాబట్టి దాచడం తేలిక. యానిమేషన్ దాచలేదు, వినిపించాలి. అందుకే సస్పెన్స్ పోయినా, ఆ ట్యూన్ మళ్లీ వినపడ్డ ప్రతిసారీ గుండె జారుతుంది. నాకైతే ఈ బేరం నచ్చింది.

‘యీ’ అనే పేరున్న నగరంలో జరిగే కథ కూడా అంతే. పొగమంచులో ఏమీ కనపడదు, చచ్చి దెయ్యమైన ఆ-చింగ్ అనే అమ్మాయి వెదురు కర్ర టకటకమని మోగుతూ, హంతకుడు షుయే యాంగ్ ఎక్కడున్నాడో పట్టిస్తుంటుంది. అది చెవులతో చూడాల్సిన సీన్.

[ఇద్దరు హీరోలు, దూరం నుంచి]

వాయిస్: ఇక అందరూ కామెంట్లలో అడిగేది. నవల ఇద్దరు మగవాళ్ల ప్రేమకథ, అందులో దాపరికం లేదు. గుడిలో, నలుగురి ముందు, శత్రువు చేతిలో చిక్కి ఉండగా వెయ్ వూషియెన్ గట్టిగా ప్రేమ చెప్పేస్తాడు. చైనా సెన్సార్ దాన్ని తెర మీదకి రానివ్వదు. యానిమేషన్‌లో మిగిలినవి చూపులు, పక్కపక్కన నడక, ఆ ట్యూన్. తయారుచేసినవాళ్లు తెలివిగానే నెట్టుకొచ్చారు, కానీ అతను నోరు తెరిచి చెప్పే ఆ మాట కథకి ప్రాణం. అది లేని క్లైమాక్స్ నాకు చప్పగా అనిపించింది.

[పేర్ల చార్ట్]

వాయిస్: ముందు ఏది? నవల ఇంగ్లిష్‌లో అయిదు సంపుటాలు. ఒక్కో మనిషికి రెండు మూడు పేర్లు: వెయ్ వూషియెన్నే వెయ్ యింగ్ అంటారు, యీలింగ్ పెద్ద అని కూడా అంటారు. కాబట్టి యానిమేషన్ మొదటి రెండు ఎపిసోడ్లు చూసి, మొహాలు గుర్తుపెట్టుకుని, అక్కడ ఆపేయండి. గతంలోకి దిగకముందే పుస్తకం తెరవండి. మిగతా ఎపిసోడ్లు పుస్తకం అయ్యాకే.