జరీ అంచు దాటి ముఖం దాకా

అందరికీ నమస్కారం. మన ఆయిల్ పెయింటింగుల్లో ఆడవాళ్ళ గురించి మాట్లాడమన్నారు. ముఖాల సంగతి తర్వాత, ముందు చీరల సంగతి చెప్తాను. నూనె రంగులు మన ఆడవాళ్ళ దగ్గరికి వచ్చినప్పుడు మొదట పట్టుకున్నది చీరనే. అక్కడి నుంచి ముఖం దాకా రావడానికి, నా లెక్కలో, అరవై ఏళ్ళకు పైగా పట్టింది.

నీటిరంగు చూస్తుండగానే ఆరిపోతుంది. నూనె రంగు రోజుల తరబడి పచ్చిగానే ఉంటుంది. ఒక రంగును పక్క రంగులోకి మెల్లగా కలుపుకుంటూ పోవచ్చు, ఆరాక మీద పల్చటి పొరలు వేసుకోవచ్చు. పట్టు మడత, ముత్యం నిగనిగ, చెంప నునుపు ఈ పద్ధతికి ఇట్టే లొంగుతాయి. తంజావూరు బొమ్మలో నగ మెరవాలంటే బంగారు రేకు అంటించాల్సిందే. చిత్రకారుడు రాజా రవివర్మకి రేకుతో పని లేదు. ఆయన వేసిన జరీ అంచును దగ్గరికెళ్ళి చూడండి, అక్కడ బంగారం ఉండదు. గోధుమరంగు, మట్టి పసుపు, అక్కడక్కడా చిటికెడు తెలుపు, అంతే. రెండడుగులు వెనక్కి వేస్తే మాత్రం చీర తళుక్కుమంటుంది.

ఈ విద్య ఆయనకి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. 1868లో తిరువాంకూరు ఆస్థానానికి థియోడర్ జెన్సన్ అనే యూరప్ చిత్రకారుడు వచ్చాడు. నేర్పనన్నాడు గానీ వేస్తుంటే చూడనిచ్చాడు. ఐదేళ్ళు తిరిగేసరికి, 1873లో, సిగలో పూలు తురుముకుంటున్న నాయర్ స్త్రీ బొమ్మకి మద్రాసు ప్రదర్శనలో గవర్నర్ బంగారు పతకం వచ్చింది.

మైసూరు జగన్మోహన ప్యాలెస్‌లో ఆయన 1889లో వేసిన పెద్ద బొమ్మ ఒకటుంది. 11 మంది స్త్రీలు, సంగీత గోష్ఠి. ఎవరిది ఏ ప్రాంతమో కట్టు చెప్తుంది, నగలు చెప్తాయి. ఆ మనిషి ఎవరన్నది మాత్రం ఏదీ చెప్పదు. గొప్ప బొమ్మే, కాదనను. కానీ దాన్ని పోర్ట్రెయిట్ అనడానికి నాకు మనసు రాదు.

1893లో వేసిన ‘అదిగో నాన్న’ దగ్గర కాసేపు ఆగుదాం. బొమ్మలో ఉన్నది ఆయన కూతురు మహాప్రభే. చేతుల్లో బిడ్డ, కాళ్ళ దగ్గర కుక్క, ఒంటి మీద తెల్లటి బట్ట, దానికి బంగారు అంచు. ఈసారి మనిషి ఎవరో తెలుసు, ముఖం కూడా శ్రద్ధగా వేశాడు. అయితే ఆవిడ చూపు మన మీద లేదు, ఇంటికొస్తున్న ఆయన మీద ఉంది. ఆ ఆయన బొమ్మలో ఎక్కడా కనిపించడు! మరుమక్కత్తాయం, అంటే కేరళలోని తల్లి వైపు వారసత్వ పద్ధతి, నడిచే ఇళ్ళలో పిల్లలు తల్లి వంశానికి చెందుతారు, తండ్రి వచ్చి వెళ్ళే మనిషి. అలాంటి చోట తండ్రి కోసం ఎదురుచూసే ఇల్లాలిని వేశాడంటే, మారుతున్న కాలం ఆ కుంచెకి బాగానే తెలుసన్నమాట.

1894లో ఆయన బొంబాయి దగ్గర అచ్చు ప్రెస్ పెట్టాక ఈ స్త్రీలు దేవతల రూపంలో ఇంటింటి గోడకీ ఎక్కారు. కొన్న వాళ్ళు ఊరుకోలేదు. కొన్ని ఇళ్ళలో ఆ కాగితం బొమ్మకే చమ్కీలు, నిజం జరీ ముక్కలు అంటించారు. చిత్రకారుడు కష్టపడి రంగుతో భ్రమ పుట్టిస్తే, జనం తిరిగి తంజావూరు దారే పట్టారు. నాకు ఇది భలే నచ్చుతుంది.

బెంగాల్లో హేమేన్ మజుందార్ తడిచీర దగ్గర స్థిరపడ్డాడు. చెయ్యి తిరిగిన పనే. కానీ ఆయన బొమ్మల్లో చాలా చోట్ల ముఖం అటు తిరిగే ఉంటుంది కాబట్టి మనం ముందుకెళ్దాం.

అమృతా షేర్‌గిల్. 1913లో బుడాపెస్ట్‌లో పుట్టింది, పారిస్‌లో నేర్చుకుంది. 1932లో చెల్లెలు ఇందిరనీ, ఒక స్నేహితురాలినీ కూర్చోబెట్టి వేసిన ‘యంగ్ గర్ల్స్’కి అక్కడి సలోన్‌లో, అంటే పెద్ద చిత్ర ప్రదర్శనలో, బంగారు పతకం వచ్చింది. మెరుపు వేయడం చేతకాక మానేసిన మనిషి కాదని చెప్పడానికే ఇది. 1934 చివర్లో ఇండియాకి తిరిగొచ్చింది. మరుసటి ఏడాదే ‘ముగ్గురు అమ్మాయిలు’ వేసింది.

ఆ స్లైడ్ చూడండి. బట్టలు చదును రంగులు, తళుకు లేదు. వెనక గది లేదు, సామాను లేదు. చీర ఎక్కడి నేతో, నగ ఎన్ని కాసులదో ఆరా తీసే వీల్లేదు. ఇక మనకి మిగిలింది ముఖమే. ముగ్గురూ దగ్గర దగ్గరగా కూర్చున్నారు, ఒకరినొకరు చూసుకోవడం లేదు. మనల్నీ చూడటం లేదు. రవివర్మ స్త్రీ మనం చూస్తున్నామని తెలిసి కూర్చున్నట్టుంటుంది. వీళ్ళకి మనం ఉన్నామన్న ధ్యాసే లేదు. వాళ్ళ దిగులు మరీ అందంగా ఉందని విసుక్కునేవాళ్ళున్నారు. కొంత నిజమే, ఆమె తర్వాతి బొమ్మల్లో కొన్నింటికి అది బాగా వర్తిస్తుంది. దీనికి మాత్రం కాదు. 1937లో దీనికి బాంబే ఆర్ట్ సొసైటీ బంగారు పతకం ఇచ్చింది. 1941లో ఆమె లాహోర్‌లో చనిపోయింది, అప్పటికి 28 ఏళ్ళు.

తర్వాతి వాళ్ళలో కలకత్తా వికాస్ భట్టాచార్జీ అచ్చం ఫొటోలా వేసేవాడు. ఆయన దుర్గ బొమ్మల్లో మన పక్కింట్లో కనిపించే ఇల్లాలి నుదుటి మీదే మూడో కన్ను ఉంటుంది. ఇక అర్పితా సింగ్ 1990లో వేసిన ‘దేవీ పిస్తోల్ వాలీ’. తెల్లచీర కట్టిన మామూలు ఆడమనిషి. రెండుకంటే ఎక్కువ చేతులు, ఒక చేతిలో పిస్టల్. జరీ లేని చీర ఇక్కడ మళ్ళీ ముఖ్యమైంది. విధవరాలిదా, నర్సుదా, టీచరుదా? మీరెలా అనుకున్నా పిస్టల్ పిస్టలే.

నా స్లైడ్లు అయిపోయాయి. చిత్రకారుడు తోట వైకుంఠం గారి తెలంగాణ స్త్రీలు ఏరని అడగబోతున్నారని తెలుసు. ఆయన ఎక్కువగా వేసేది అక్రిలిక్ రంగుల్లో, నూనె రంగుల్లో కాదు, అందుకే ఇవాళ తేలేదు. మిగతా ప్రశ్నలు అడగండి.