‘అనాథ’ అనే మాట ఆఖరున రాయాలి

అందరికీ నమస్కారం.

వరద తీసిన మర్నాడో, భూకంపం వచ్చిన మూడోనాడో శిబిరంలో ఒంటరిగా కనబడిన బిడ్డ పేరు పక్కన చాలామంది ‘అనాథ’ అని రాసేస్తారు. ఆ మాట పడ్డాక ఆ బిడ్డ అమ్మానాన్నల్ని ఇక ఎవరూ వెతకరు. మొదటి రోజు రాయాల్సినవి రెండే మాటలు. పెద్దవాళ్లెవరూ వెంట లేకపోతే ‘తోడు లేని బిడ్డ’. పిన్నో, తాతో వెంట ఉంటే ‘తల్లిదండ్రుల నుంచి వేరుపడిన బిడ్డ’. ఇద్దరూ చనిపోయారని రుజువయ్యాకే మూడో మాట. యునిసెఫ్ లెక్కల్లో తల్లిదండ్రుల్లో ఒక్కరు పోయినా అనాథ కిందే చూపిస్తారు, కాబట్టి ఆ అంకె చూసి అంతమందికీ ఎవరూ లేరనుకోవద్దు.

2010 జనవరిలో హైతీ భూకంపం తర్వాత 33 మంది పిల్లల్ని అనాథలని చెప్పి సరిహద్దు దాటించబోతుంటే పోలీసులు ఆపారు. ఆరా తీస్తే చాలామందికి కన్నవాళ్లు బతికే ఉన్నారు. 2004 సునామీ తర్వాత ఇండోనేషియా ప్రభుత్వం, తల్లిదండ్రులు వెంట లేని 16 ఏళ్లలోపు పిల్లల్ని సునామీ దెబ్బతిన్న ఆచే రాష్ట్రం దాటించకూడదని కట్టడి చేసింది. బిడ్డ దొరికిన చోటుకు దగ్గర్లోనే ఉండాలి. వెతికే తల్లి ముందు వచ్చేది అక్కడికే.

ఇక నమోదు. ఐదేళ్ల లోపు వాళ్లతో మొదలుపెట్టండి, వాళ్ల జ్ఞాపకం రోజురోజుకీ చెదిరిపోతుంది. మాటలు రాని పసిబిడ్డ విషయంలో జరిగే పెద్ద పొరపాటు జాలితో జరిగేదే: రాగానే స్నానం చేయించి, కొత్త బట్టలు తొడిగి, పాతవి పారేయడం. ఆ చిరిగిన చొక్కా, దాని గుండీకి బదులు పెట్టిన పిన్నీసు, చేతికున్న దారం, ఇవే ఆ బిడ్డ చిరునామా. ముందు ఫొటో తీయండి, బట్టల్ని సంచిలో వేసి బిడ్డ నంబరు రాయండి, అదే నంబరు మణికట్టుకు కట్టండి. తెచ్చినవాళ్లను వివరాలడగకుండా పంపొద్దు. ఎక్కడ, ఎన్ని గంటలకు, ఎవరి పక్కన దొరికిందో తెలిసింది వాళ్లకే.

కాస్త మాటలొచ్చిన పిల్లని ‘మీ అమ్మ పేరేంటి’ అంటే ‘అమ్మ’ అంటుంది. ‘నాన్న అమ్మని ఏమని పిలుస్తాడు?’ అనడగండి. ‘రాత్రిళ్లు నీ పక్కన ఎవరు పడుకుంటారు? గుమ్మంలో నిలబడితే ఏం కనిపిస్తుంది?’ జవాబుల్ని పిల్ల చెప్పిన మాటల్లోనే రాయాలి. మనం సరిదిద్ది రాస్తే ఆనవాలు పోతుంది. అన్నదమ్ముల్ని, అక్కచెల్లెళ్లని ఎట్టి పరిస్థితుల్లో విడదీయకండి.

వెతకడానికి ఆసుపత్రులు, ఇతర శిబిరాలు, మృతుల జాబితాలు, బడి హాజరు పట్టీలు, టీకా కార్డులు చూడాలి. గోడ మీద ఫొటో పెట్టేటప్పుడు నంబరు చాలు. పేరు, ఎక్కడుందో రాస్తే, ఎత్తుకుపోదామని వచ్చినవాడికి మనమే సమాధానాలు అందించినట్టు.

‘నా బిడ్డే’ అంటూ ఎవరైనా వస్తే బిడ్డని చూపించకముందే గుర్తులు చెప్పించి రాసుకోండి. మచ్చ ఎక్కడుంది, బట్టలేవి, ముద్దుపేరేంటి? బిడ్డ చెప్పినదానితో పోల్చండి. పసిబిడ్డ కోసం ఒకరికంటే ఎక్కువమంది వస్తే డీఎన్‌ఏ పరీక్ష తప్పదు. ఒక్క జాగ్రత్త: భయపడిన బిడ్డ కన్నతల్లిని చూసి కూడా మొహం తిప్పుకోవచ్చు, బిగుసుకుపోవచ్చు. ఆ ఒక్కదాన్నిబట్టి ఆమె తల్లి కాదని తేల్చకండి. మళ్లీ కలిపి చూడండి.

వెతుకులాట సాగుతుండగా దత్తత మాట ఎత్తకూడదు. 2004లో అంతర్జాతీయ సంస్థలు కలిసి రూపొందించిన సూత్రాల ప్రకారం మామూలుగా కనీసం రెండేళ్లయినా వెతకాలి.

బంధువులకు అప్పగించాక సంక్షేమం చూడటం మొదలవుతుంది. మొదటి వారంలో ఒకసారి వెళ్లండి, తర్వాత నెలకోసారి. చెప్పకుండా వెళ్లడం మేలు. 6 నుంచి 59 నెలల బిడ్డకైతే జబ్బకు టేపు చుట్టండి. 115 మిల్లీమీటర్ల కంటే తక్కువుంటే తీవ్రమైన పోషకాహార లోపం, ఆ రోజే వైద్యానికి పంపాలి. పెద్దపిల్లలైతే ఆ ఇంటి సొంత పిల్లలతో పోల్చండి. వాళ్లు బడికి వెళ్తుంటే ఈ పిల్ల ఇంట్లో ఎందుకుంది? ఎక్కడ పడుకుంటోంది, ఎవరి పక్కన? ఇంటివాళ్లకు కనబడేంత దూరంలో, మాట వినబడనంత దూరంలో కూర్చుని పిల్లతో మాట్లాడండి. ‘బాగున్నావా’ అంటే ‘బాగున్నా’ననే అంటుంది. ‘నిన్న పొద్దున లేచిందగ్గర్నుంచి ఏమేం చేశావో చెప్పు’ అంటే చాకిరీ బయటపడుతుంది.

అన్నిటికంటే తరచుగా మనవాళ్లు వదిలేసేది డబ్బు సంగతి. పరిహారం బంధువు చేతికి కాకుండా బిడ్డ పేరున ఖాతాలో పడాలి. తల్లిదండ్రుల ఇల్లు, పొలం కాగితాల నకళ్లు బిడ్డ ఫైల్లో ఉండాలి. పరిహారం కోసమే బిడ్డను తెచ్చుకున్న ఇల్లు డబ్బు అందాక మారిపోతుంది. సొమ్ము జమయిన తేదీ తెలుసుకుని, ఆ నెల్లోనే ఆ గుమ్మం ఎక్కండి.