మత్తులో మెదడు ఆగిపోదు

[కాలువ గట్టు మీద, లాకుల దగ్గర]

కత్తికి భయపడనివాళ్ళు కూడా మత్తు ఇంజెక్షన్‌కి భయపడతారు. అమలాపురంలోనైనా, భీమవరంలోనైనా, ఆపరేషన్ థియేటర్ బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళని అడగండి, "మళ్ళీ తెలివి రాకపోతేనో?" అన్నదే వాళ్ళ టెన్షన్. మత్తిస్తే మెదడు ఆగిపోతుందని, దాన్ని మళ్ళీ నడిపించాల్సి వస్తుందని మనందరి ఊహ. ఆగదండి, మామూలు ఆపరేషన్‌లో మెదడులో కరెంటు నడుస్తూనే ఉంటుంది, నడిచే తీరు మాత్రం పూర్తిగా మారిపోతుంది.

[స్క్రీన్ మీద: మెలకువగా ఉన్న మనిషి ఈఈజీ]

మెదడులో నడిచే కరెంటుని చూపించే ఈ గీతలే ఈఈజీ. మనిషి మెదడు నుంచి వీటిని మొదట తీసింది జర్మనీ డాక్టర్ హాన్స్ బెర్గర్, 1924లో. మెలకువగా ఉన్నప్పుడు గీతలు చిన్నగా, వేగంగా, ఒక వరస లేకుండా ఉంటాయి, ఎందుకంటే చూసే భాగం, వినే భాగం, గుర్తుపెట్టుకునే భాగం దేని పని అది చేస్తూనే మిగతావాటికి కబురు పంపుతుంటాయి.

ఇప్పుడు నరంలోకి ప్రొపోఫాల్ ఎక్కించారు, ఆ తెల్లటి మత్తు మందు. కణాలను శాంతింపజేసే గాబా అనే రసాయనం మన మెదడులోనే ఉంది, ఈ మందు దాని బలం పెంచుతుంది. మొదట్లో కాసేపు గీతలు ఇంకా వేగం అవుతాయి, అందుకే కొందరు స్పృహ తప్పేముందు కాస్త కదులుతారు, ఏదో మాట్లాడతారు. ఆ తర్వాత రెండు రకాల అలలు వస్తాయి. ఒకటి సెకనుకు 8 నుంచి 12 సార్లు ఊగే ఆల్ఫా. మెలకువలో కళ్ళు మూసుకుంటే ఇది తల వెనక భాగంలో కనిపించేది, మత్తులో అక్కడ తగ్గి నుదుటి వైపు వస్తుంది. రెండోది పెద్ద, నెమ్మది అల, సెకనుకు ఒక్కసారి కూడా ఊగదు.

అసలు కిటుకు ఈ నెమ్మది అలలోనే ఉంది.

[కాలువ వైపు తిరిగి]

దాళ్వాలో నీళ్ళు చాలకపోతే వంతులు పెడతారు కదా, ఈ కాలువకి వదిలినప్పుడు ఆ కాలువ కట్టేస్తారు, దాని వంతు వచ్చేసరికి ఇది ఎండుతుంది. మత్తులో మెదడు భాగాలదీ ఇదే పరిస్థితి. ప్రతి భాగంలో కణాలు ఆ పెద్ద అలలో కొద్దిసేపే పనిచేస్తాయి, మిగతాసేపు మౌనం, పైగా దూరంగా ఉన్న భాగాల వంతులు ఒకదానితో ఒకటి కలవవు. కబురు పంపే భాగం లేచినప్పుడు అందుకోవాల్సింది పడుకుని ఉంటుంది. చెవిలో పడ్డ మాట మెదడు దాకా చేరినా అక్కడినుంచి ముందుకి పాకదు, అందుకే మనకి తెలియదు.

"నిద్రపుచ్చుతాం" అని డాక్టర్లు ధైర్యానికి అంటారు గానీ ఇది నిద్ర కాదు. నిద్ర సుమారు 90 నిమిషాలకో చుట్టు తిరుగుతుంది, మధ్యలో కలలొస్తాయి, కత్తి తగిలితే లేస్తాం. మందు ఎక్కుతున్నంతసేపూ మత్తు అదే స్థితిలో నిలబెడుతుంది. ఊపిరి తీయించే భాగాన్ని కూడా మందు అణచేస్తుంది కాబట్టే మత్తు డాక్టర్ తల దగ్గర్నుంచి కదలరు.

[స్క్రీన్ మీద: మధ్యమధ్య చదునుగా మారే గీత]

మందు మరీ ఎక్కువైతే ఇలా అవుతుంది, కొన్ని సెకన్లు గీత చదును, మళ్ళీ ఒక్క ఉప్పెన, మళ్ళీ చదును. పెద్దవయసువాళ్ళకి తక్కువ మందుకే ఇది వచ్చేస్తుంది, వాళ్ళలో ఆల్ఫా కూడా బలహీనంగా ఉంటుంది. కొన్ని థియేటర్లలో మానిటర్ ఈ గీతల్ని 0 నుంచి 100 దాకా ఒక అంకెగా చూపిస్తుంది, 40 నుంచి 60 మధ్య ఉంచుతారు. ఆ అంకె ఒక్కటే చాలదు. కెటమిన్ అనే ఇంకో మత్తు మందు ఇస్తే మనిషికి స్పృహ ఉండదు, గీతలు మాత్రం వేగంగా ఉంటాయి, మానిటర్ మెలకువగా ఉన్నాడని పొరబడొచ్చు.

ఇంకో మాట, ఇది మన ఊళ్ళవాళ్ళకి గట్టిగా చెప్పాలి. కల్లు, సారా కూడా ఆ గాబా మీదే పనిచేస్తాయి. రోజూ తాగే అలవాటుంటే మెదడు దానికి సర్దుకుని ఉంటుంది, ఆపరేషన్‌లో ఇచ్చే మత్తు మందు మోతాదు లెక్క మారొచ్చు. ఇంట్లో ఆడవాళ్ళ ముందు చెప్పలేకపోతే మత్తు డాక్టర్‌ని పక్కకి పిలిచైనా చెప్పండి. నిద్రమాత్రలు వేసుకునేవాళ్ళు కూడా అంతే.