సెమినరీ ఏడాది లెక్క: పాస్టర్ల చదువుకి డబ్బు ఎక్కడినుంచి వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది?

[తెరపై: బల్ల మీద వార్షిక నివేదిక పుస్తకం. ఒక చెయ్యి చివరి పేజీలు తిప్పుతుంది.]

ఏటా డయాసిస్ (ఒక బిషప్ కింద ఉండే సంఘాల ప్రాంతం) కౌన్సిల్లోనో, సినడ్‌లోనో (సంఘాల ప్రతినిధుల మహాసభ) సెమినరీ నివేదిక చదువుతారు. సెమినరీ అంటే పాస్టర్లని తయారుచేసే వేదాంత కళాశాల. ప్రిన్సిపాల్ గారు పది నిమిషాలు మాట్లాడతారు. అందరూ చప్పట్లు కొడతారు, ఆమోదిస్తారు, భోజనాలకి లేస్తారు. పుస్తకం చివర్లో ఉన్న ఆదాయ వ్యయాల పట్టిక మాత్రం మడత నలగకుండా ఇంటికి చేరుతుంది. రేపు మన సంఘానికి వచ్చే పాస్టరు గారు ఎలాంటి చదువు చదివి వస్తారో తేల్చేది ఆ పట్టికే. అందుకని ఈ వీడియోలో దాన్ని వరసగా చదువుదాం. తెలుగు ప్రాంతాల్లో సెరంపూర్ సెనేట్‌కి (సెరంపూర్ కాలేజీ తరఫున వేదాంత డిగ్రీలిచ్చే సంస్థ) అనుబంధంగా నడిచే వేదాంత కళాశాలల్ని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాం.

[తెరపై: పాత పటం. రామాపట్నం, డోర్నకల్, రాజమండ్రి, హైదరాబాద్.]

ముందు కొంచెం చరిత్ర. సెరంపూర్ కాలేజీని 1818లో విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్ మొదలుపెట్టారు. 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన చార్టర్‌తో దానికి డిగ్రీలిచ్చే అధికారం వచ్చింది. 1918 నాటి సెరంపూర్ కాలేజీ చట్టం ఆ అధికారాన్ని ఖాయం చేసింది. తెలుగు నేల మీద బాప్టిస్టుల సెమినరీ 1872లో రామాపట్నంలో మొదలైంది. 1964లో పలు సంఘాలు కలిసి రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల పెట్టాయి. 1973లో అది హైదరాబాద్‌కి మారింది.

సంఘాలు అలా ఎందుకు కలిశాయి? ఒక్కో మిషను ఒక్కో చిన్న సెమినరీ నడిపితే ముగ్గురు ఉపాధ్యాయులు, అర బీరువా పుస్తకాలు, పదిహేనుమంది విద్యార్థులు అన్నట్టుండేది. హీబ్రూ చెప్పే ఆయనే సంఘ చరిత్రా చెప్పాలి. ఒకచోట చేరితే ఒక్కో విషయానికి ఒక్కొక్కరు దొరుకుతారు. 1958లో మొదలైన థియొలాజికల్ ఎడ్యుకేషన్ ఫండ్ కూడా ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాల్లో ఇలాంటి బలమైన కాలేజీలకి, గ్రంథాలయాలకి, పాఠ్యపుస్తకాలకి ఊతమిచ్చింది. దాని మూలధనం 40 లక్షల డాలర్లు. అందులో సగం జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ వైపునుంచి, మిగతా సగం మిషను బోర్డులనుంచి వచ్చింది. కలిసి నడిపే కాలేజీకి లాభం అదైతే, చిక్కు ఇంకొకటి: పదిమంది మోయాల్సిన పల్లకీలో ఒకరు భుజం దించినా బరువు ఎక్కడ పెరిగిందో వెంటనే తెలీదు. లెక్కల పుస్తకంలోనే తెలుస్తుంది.

[తెరపై: విద్యార్థుల సంఖ్య పట్టిక]

నివేదికలో మొదట కనిపించేది విద్యార్థుల సంఖ్య. ఇక్కడ మోసపోవడం తేలిక. రెగ్యులర్ విద్యార్థులనీ, ఇంటి దగ్గరుండి చదివే ఎక్స్‌టర్నల్ విద్యార్థులనీ కలిపి ఒకే అంకె వేస్తే అది పనికిరాదు. హాస్టల్లో ఉండి బి.డి. (వేదాంత డిగ్రీ) చదివే ఒక్కరికయ్యే ఖర్చు వేరు, పరీక్షలకి మాత్రమే వచ్చేవారికయ్యేది వేరు. రెండూ విడివిడిగా అడగండి.

తర్వాత అడగాల్సింది బ్యాచి లెక్క. ఈ ఏడాది ఎంతమంది చేరారన్నది కాదు. నాలుగేళ్ల బి.డి. అయితే, నాలుగేళ్ల కిందట చేరినవారిలో ఎందరు పూర్తి చేశారు? రెండేళ్ల కిందట పట్టా తీసుకున్నవారిలో ఎందరికి పాస్టరేట్ (ఒక పాస్టరు చూసుకునే సంఘాల గుంపు) దొరికింది, ఎందరికి ఆర్డినేషన్ (పాస్టరుగా అభిషేకం) అయింది? మధ్యలో మానేసిన వాళ్లెవరు, ఎందుకు? మానేయడానికి సాధారణంగా కారణాలు రెండు. ఒకటి గ్రీకు, హీబ్రూ, ఇంగ్లీషు మాధ్యమం ఒక్కసారి మీద పడటం. ఇది మొదటి ఏడాదిలోనే బయటపడుతుంది, అదనపు భాషా తరగతులతో చాలావరకు సర్దుకుంటుంది. రెండోది స్పాన్సర్‌షిప్ ఆగిపోవడం. డయాసిస్ నుంచి ఉత్తరం వస్తుంది, సొమ్ము రాదు. ఆ కుర్రాడు మూడో ఏట మెస్ బకాయితో హాల్‌టికెట్ కోసం ఆఫీసు గుమ్మంలో నిలబడతాడు. ఉత్తరమిచ్చిన సంఘానికి ఈ సంగతి తెలియనే తెలియదు. స్పాన్సర్ చేసిన ప్రతి సంఘం పేరుకి ఎదురుగా ఎంత రావాలో, ఎంత వచ్చిందో నివేదికలో వేయించాలి. మొహమాటం ఎందుకు? అది పిల్లల చదువు.

[తెరపై: పెద్ద అక్షరాలతో "ఇది ఊహా లెక్క". కింద అంకెలు ఒక్కొక్కటిగా వస్తాయి.]

ఇప్పుడు డబ్బు. అర్థం కావడానికి ఒక ఊహా కాలేజీని తీసుకుందాం. 80 మంది విద్యార్థులు, పదిమంది ఉపాధ్యాయులు.

ఖర్చు వైపు చూడండి. ఉపాధ్యాయుడికి పి.ఎఫ్.తో కలిపి ఏడాదికి 9 లక్షలు, పదిమందికి 90 లక్షలు. ఆఫీసు, వంటగది, కాపలా సిబ్బందికి 22 లక్షలు. మెస్ నెలకి ఒక్కొక్కరికి 3,500 చొప్పున పది నెలలకి 28 లక్షలు. గ్రంథాలయం, కరెంటు, మరమ్మతులు, సెనేట్ రుసుములు 20 లక్షలు. మొత్తం కోటీ 60 లక్షలు. తలకి 2 లక్షలు.

రాబడిలో ఫీజు ఒక్కొక్కరికి 40 వేలు, అంటే 32 లక్షలు. కానీ అందులో 35 వేలు భోజనానికే పోతాయి. పాఠం చెప్పినందుకు మిగిలేది 5 వేలు. "ఫీజులు వసూలు చేస్తున్నారుగా, ఇంకా మమ్మల్నెందుకడుగుతారు?" అనే పెద్దలకి ఈ ఒక్క లెక్క చూపిస్తే చాలు. సభ్య సంఘాల వాటాలు 48 లక్షలు. కార్పస్ ఫండ్ (అసలు ముట్టుకోని నిధి) వడ్డీలో వాడుకునేది 30 లక్షలు. ఈ మూడూ కలిపితే కోటీ 10 లక్షలు. మిగతా 50 లక్షలు పూర్వ విద్యార్థులు, దాతలు, విదేశీ సంఘాలు ఇవ్వాలి.

అంతా అనుకున్నట్టు జరిగితేనే ఇది. వాటాల్లో నాలుగింట మూడొంతులే వస్తే 12 లక్షలు తగ్గి, లోటు 62 లక్షలవుతుంది. జీతాలు ఆగకూడదు కాబట్టి ట్రెజరర్ గారు ఏం చేస్తారు? స్కాలర్‌షిప్ ఖాతాలోంచో, భవన నిధిలోంచో "తర్వాత కలిపేద్దాం" అని తీస్తారు. ఆ తర్వాత ఎప్పుడూ రాదు. ఆస్తి అప్పుల పట్టికలో ఒక నిధి ఇంకో నిధికి బాకీ ఉన్నట్టు కనిపించి, ఆ బాకీ ఏటేటా పెరుగుతుంటే జబ్బు ముదిరిందని గుర్తు.

అంతకంటే కనిపించని బాకీ గ్రాట్యుటీ. ఐదేళ్లు నిండిన ఉద్యోగికి సర్వీసులో ప్రతి ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున ఇవ్వాలి. నెల వేతనాన్ని 26తో భాగించి 15తో గుణిస్తారు. 60 వేల వేతనంతో 25 ఏళ్లు పనిచేసిన ఆచార్యుడు రిటైరైతే సుమారు 8 లక్షల 65 వేలు. ఒకే ఏడాది ఇద్దరు రిటైరైతే, ముందుగా నిధి కట్టుకోని కాలేజీ ఆ ఏడాది గ్రంథాలయానికి ఒక్క పుస్తకం కొనలేదు.

[తెరపై: కొత్త హాస్టల్ భవనం, శిలాఫలకం]

భవనాల గురించి గట్టిగానే చెబుతాం. భవనానికి దాతలు దొరుకుతారు, ఎందుకంటే రాయి మీద పేరుంటుంది. బైబిల్‌లోని పాత నిబంధన చెప్పే ఆచార్యుడి ఏప్రిల్ నెల జీతం మీద ఎవరి పేరూ చెక్కరు. 2 కోట్ల హాస్టల్ కానుకగా వచ్చిందనుకోండి. మరమ్మతుకి ఏటా దాని విలువలో 2 శాతం పక్కన పెట్టినా 4 లక్షల కొత్త ఖర్చు వచ్చిపడినట్టే. కట్టడానికిచ్చే దాతనే, దాన్ని నిలబెట్టడానికి కొంత కార్పస్ కూడా ఇవ్వమని అడగాలి. అడిగితే ఇస్తారు, అడగడమే అలవాటు లేదు.

కార్పస్ అంటే అసలు కదిలించకుండా రాబడి మాత్రమే వాడుకునే నిధి. ఒక ఆచార్య పదవి పేరిట కోటి రూపాయలు ఇచ్చారనుకుందాం. 7 శాతం వడ్డీకి 7 లక్షలు. మొత్తం వాడేస్తే? జీతం ఏటా పెరుగుతుంది, వడ్డీ అక్కడే ఉంటుంది. పదేళ్లకి ఆ పదవి సగం కూడా నిలవదు. అందుకే 4 శాతం వాడి, మిగతాది అసలులో కలపడం క్షేమం. అలా చూస్తే 9 లక్షల పదవికి 2 కోట్ల 25 లక్షలు కావాలి. పెద్ద మొత్తమే, కానీ నిజమైన లెక్క అదే.

ఇక్కడ కాగితం విషయంలో జాగ్రత్త. "ఈ కానుక కార్పస్ కోసం" అని దాత రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ ఉత్తరం లేకపోతే ఆదాయపు పన్ను లెక్కలో అది మామూలు ఆదాయం. మామూలు ఆదాయంలో 85 శాతం సంస్థ ఉద్దేశాలకి ఆ ఏడాదే ఖర్చు చేయాలి, లేదా నిర్ణీత ఫారంతో ఫలానా పనికని చెప్పి గరిష్ఠంగా ఐదేళ్లు దాచుకోవాలి. మార్చి 30న వచ్చిన కోటి రూపాయల కానుక ఒక ఉత్తరం ముక్క లేక తలనొప్పి అయి కూర్చుంటుంది. పెట్టుబడి కూడా బ్యాంకు డిపాజిట్లు, ప్రభుత్వ బాండ్ల లాంటి చట్టం అనుమతించిన చోట్లే. సంఘపెద్ద గారి వ్యాపారంలో ఎక్కువ వడ్డీకి పెట్టడం కుదరదు.

[తెరపై: ఎఫ్‌సీఆర్‌ఏ. ఐదు అంశాలు తెర మీద మెరుస్తాయి.]

విదేశీ సొమ్ముకి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలి. దాని గడువు ఐదేళ్లు, ముగిసేలోగా రెన్యువల్‌కి దరఖాస్తు చేసుకోవాలి. 2020 సవరణ తర్వాత ప్రతి రూపాయీ ముందు న్యూఢిల్లీలో ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోని ఖాతాలోకే రావాలి. అక్కడినుంచి వాడకపు ఖాతాకి మార్చుకోవచ్చు. స్థానిక కానుకలు అందులో కలపకూడదు. వచ్చిన సొమ్ముని ఇంకో సంస్థకి బదిలీ చేయకూడదు. పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు, అంతకు ముందు ఇది 50 శాతం.

ఈ 20 శాతం దగ్గరే కాలేజీలు తడబడతాయి. ఉపాధ్యాయుల జీతాలు పరిపాలన ఖర్చు కిందకి రావని నియమాల్లోనే ఉంది. ఆఫీసు జీతాలు, ఆఫీసు వాహనం, ఆఫీసు కరెంటు మాత్రం వస్తాయి. పాఠం చెబుతూ ఆఫీసూ చూసే ప్రిన్సిపాల్ జీతాన్ని ఏ పద్దులో ఎంత వేయాలో ఏడాది మొదట్లోనే ఆడిటర్‌తో రాయించుకోవాలి. మార్చి ఆఖర్లో పద్దులు మార్చబోతే దొరికిపోతారు. ఇక విదేశీ సొమ్ముకి ఏటా లెక్క చెప్పే ఎఫ్‌సీ-4 రిటర్న్: ఆర్థిక సంవత్సరం ముగిశాక తొమ్మిది నెలల్లోగా, అంటే డిసెంబరు 31 లోగా. ఒక్క రూపాయీ రాకపోయినా వేయాల్సిందే.

[తెరపై: పన్నెండు నెలల చక్రం]

కాలం పట్టిక మరిచిపోకండి. జీతాలు పన్నెండు నెలలు, ఫీజులు జూన్‌లో, సంఘాల వాటాలు కోతపండుగల తర్వాత. వేసవిలో చేతిలో పైసా ఉండదు. నాలుగు నెలల జీతాలంత మొత్తం, మన ఊహా కాలేజీలో సుమారు 37 లక్షలు, ఎప్పుడూ నిల్వలో ఉంటే నిధుల మీద చెయ్యి పడదు. ఏడాది చివర ఒకేసారి పంపేకంటే సంఘాలు వాటాని మూడు నెలలకోసారి పంపినా ఈ ఇబ్బంది చాలా తగ్గుతుంది.

[తెరపై: గుడి వసారాలో బియ్యం గంప]

చివరగా పిడికెడు బియ్యం. వంట చేసే ముందు ఒక పిడికెడు తీసి దేవుని కుండలో వేసే అలవాటు మన పల్లె సంఘాలకి కొత్తది కాదు. 1912 డిసెంబరులో బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య గారి డోర్నకల్ డయాసిస్‌లో పేద సంఘాలు తమ పనివాళ్లని తామే పోషించుకోవడానికి నేర్చుకున్న దారుల్లో ఇదొకటి. దీన్ని చిన్నచూపు చూసేవాళ్ల కోసం లెక్క వేద్దాం.

పిడికెడు 50 గ్రాములనుకోండి. రోజుకోసారి తీస్తే ఇంటికి ఏడాదికి 18 కిలోల పావు. మన కాలేజీ మెస్‌లో 80 మందికి తలకి 400 గ్రాముల చొప్పున రోజుకి 32 కిలోలు, 300 రోజులకి 9,600 కిలోలు. 526 ఇళ్లు పిడికెడు తీస్తే కాలేజీ ఏడాది పొడవునా బియ్యం కొననక్కర్లేదు. అన్ని ఇళ్లు నాలుగైదు పెద్ద పాస్టరేట్లలోనే ఉంటాయి.

కానీ బియ్యాన్ని బియ్యంగానే పంపితే ఇబ్బంది. సన్నవీ, దొడ్డువీ, రేషనువీ కలిసిపోతే అన్నం సగం ముద్ద, సగం పలుకు. వానాకాలంలో పురుగు పడుతుంది. రవాణా ఖర్చు మిగులుని తినేస్తుంది. అందుకని ప్రతి నెలా గుడిలోనే తూకం వేసి, అక్కడికక్కడే వేలం పాడి, సొమ్ము పంపడం మేలు. రసీదు మీద మూడూ ఉండాలి: ఎన్ని కిలోలు, కిలోకి ఎంత పలికింది, ఏ నెలది. సెమినరీ వైపునుంచి మెస్ ఖాతాలో ఆ సంఘం పేరుతోనే జమ చూపించి, జమ చూపిన కాగితం నకలు తిరిగి పంపాలి. ఆ నకలు గుడి నోటీసు బోర్డు మీద అంటించాలి. కుండలో పిడికెడు వేసిన అమ్మకి తన బియ్యం ఎక్కడికి చేరిందో కనబడాలి.