ఒక సభ్యుడు, మూడు అసెంబ్లీలు, ఒక నోటీసు
(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, ముందు చాపల మీద కూర్చున్న పిల్లలకు నమస్కారం. పేరుపేరునా చెప్పుకోవడం మర్యాదే. కానీ వేదిక మీద పదకొండుమంది ఉన్నారు, నాకిచ్చింది ఇరవై నిమిషాలు. మర్యాదకే సగం పోతుంది. అందరూ క్షమించాలి.

'శాసనసభ్యుడిగా వావిలాల గోపాలకృష్ణయ్య గారు' అనే విషయం ఇచ్చారు. నేను పండితుణ్ణి కాను. తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరి, డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయినవాణ్ణి. కాబట్టి శాసనసభను నేను చూసింది గ్యాలరీలోంచి కాదు, కింద నుంచి, ఫైళ్ళ కట్టల మధ్య నుంచి. అక్కడి నుంచి ఏం కనిపిస్తుందో అదే చెబుతాను.

ముందు కాగితం మీద రాసుకొచ్చినవి చెప్పేస్తాను. వావిలాల గారు 1906 సెప్టెంబరు 17న సత్తెనపల్లిలో పుట్టారు. స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు వెళ్ళారు. గ్రంథాలయోద్యమంలో పనిచేశారు, అందుకే ఈ సభలో ఆయన్ని తలుచుకుంటున్నాం. 1952, 1955, 1962, 1967 ఎన్నికల్లో సత్తెనపల్లి నుంచి నాలుగుసార్లు గెలిచారు. మంత్రి కాలేదు. 1992లో పద్మభూషణ్ ఇచ్చారు. 2003లో వెళ్ళిపోయారు. జనం 'ఆంధ్రా గాంధీ' అనేవారు. ఖద్దరు పంచె, చేతిలో సంచీ. మా నాన్న తరంవాళ్ళకి ఆయన పేరు చెబితే ముందు గుర్తొచ్చేది ఆ సంచీయే.

పిల్లలూ, ఒక చిత్రం చూడండి. నియోజకవర్గం ఒకటే, మనిషి ఒకడే, అసెంబ్లీ మాత్రం మూడు ఊళ్ళలో! 1952లో గెలిచినప్పుడు ఆయన వెళ్ళింది మద్రాసుకి. ఆ సభలో తెలుగు, తమిళం, మలయాళం, కన్నడం అన్నీ వినిపించేవి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, అసెంబ్లీ కర్నూలుకు మారింది. అక్కడ చాలా ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. 1956లో ఆంధ్రప్రదేశ్ అయ్యాక హైదరాబాదు. 1957లో తెలంగాణలో ఎన్నికలు జరిగాయి గానీ మన వైపు జరగలేదు, 1955లో గెలిచినవాళ్ళే 1962 దాకా కొనసాగారు. మా మనవడు ఇది నమ్మలేదు. ఏడేళ్ళు ఎమ్మెల్యేనా తాతయ్యా అన్నాడు. అవున్రా, ఏడేళ్ళే.

కర్నూలు అంటే ఇంకొకటి చెప్పాలి. ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం 1954 నవంబరులో పడిపోయింది. మద్యనిషేధం మీద గొడవ. ఎన్ని ఓట్ల తేడా? ఒక్కటి. ఒక్క ఓటు. మంత్రి పదవి లేని సభ్యుడి వల్ల ఏమవుతుంది అనేవాళ్ళకు నేను ఎప్పుడూ ఆ లెక్కే చెబుతాను.

ఇక నీళ్ళు. కృష్ణ నీళ్ళను పెన్నకు మళ్ళించి, అటు నుంచి తమిళ జిల్లాలకు తీసుకుపోవాలని మద్రాసు ప్రభుత్వం కృష్ణా-పెన్నారు పథకం తలపెట్టింది. వద్దు, నందికొండ దగ్గర, అంటే ఇప్పటి నాగార్జునసాగర్ దగ్గర, ఆనకట్ట కట్టండి అని పోరాడినవాళ్ళలో ముక్త్యాల జమీందారు రాజా గారున్నారు, వావిలాల గారున్నారు. కేంద్రం వేసిన ఖోస్లా కమిటీ వచ్చి చూసి నందికొండకే మొగ్గింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ గారు కాలువలకు నీళ్ళు వదిలారు. ఇవాళ మీ పొలానికొచ్చే కుడికాలువ నీళ్ళు అవే. దాని మీద పుస్తకాలున్నాయి, చదువుకోండి. నేను పుస్తకాల్లో లేనిది చెబుతాను.

ఎల్.ఏ.క్యూ. ఈ మాట ఎవరైనా విన్నారా? మా రెవెన్యూవాళ్ళు నవ్వుతున్నారు, వాళ్ళకి తెలుసు. అంటే అసెంబ్లీ ప్రశ్న. సభ్యుడు నక్షత్ర గుర్తు పెట్టి ప్రశ్న అడిగితే మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వస్తాయి. గుర్తు లేకపోతే కాగితం మీద జవాబు. మరి ఆ రోజుల్లో మంత్రిగారికి మన ఊరి చెరువు తూము సంగతి ఎలా తెలిసేది? ఆ ప్రశ్న సచివాలయం నుంచి కలెక్టరుకు, కలెక్టరు నుంచి తాలూకా ఆఫీసుకు, అక్కడి నుంచి ఊరి లెక్కలు రాసే కరణం దగ్గరకు దిగొచ్చేది. జవాబు అదే దారిలో పైకెక్కాల్సి వచ్చేది, అదీ తారీఖు లోపల. నేను 1973లో చేరాను. టపాలో ఎల్.ఏ.క్యూ వచ్చిందంటే ఆఫీసంతా టెన్షన్. మూడేళ్ళుగా కదలని ఫైలు మూడు గంటల్లో దొరికేది! బీరువా కింద నుంచి, ఎలకలు కొట్టిన చోటు నుంచి, ఎక్కడున్నా దొరికేది. మా హెడ్ గుమాస్తా గారు 1960లలో పనిచేసినవారు. సభలో ప్రశ్న పడితే తప్ప కొన్ని ఫైళ్ళకు కాళ్ళు రావని ఆయనే నాకు నేర్పారు.

శాసనసభ్యుడి పనంటే నాకు తెలిసి ఇదే. ప్రశ్న అడగడం, శాఖల ఖర్చు పద్దుల్లో ఇంత తగ్గించమని కోత తీర్మానం పెట్టడం, బిల్లు చదివి ఫలానా సెక్షనులో ఫలానా మాట మార్చమనడం. వావిలాల గారు ఇరవై ఏళ్ళు చేసింది అదే. మనం ఇప్పుడు ఎమ్మెల్యే గారి దగ్గరకు దేనికి వెళ్తున్నాం? బదిలీ సిఫారసుకి, పెళ్ళికి రమ్మనడానికి, పోలీసు స్టేషనుకు ఫోను చేయించడానికి. చేతులెత్తండి, మీ ఎమ్మెల్యే సభలో ఏ ప్రశ్న అడిగారో తెలిసినవాళ్ళు ఎంతమంది? ... ఒక్కరూ లేరు. సరే, నేనూ ఎత్తలేదు.

ఇప్పుడు భాష. సభలో ఆయన పట్టు వదలని విషయం తెలుగు. పాలన జనానికి అర్థమయ్యే భాషలో ఉండాలని. 1966లో అధికార భాషా చట్టం వచ్చింది. 1974లో అధికార భాషా సంఘం పెట్టి మొదటి అధ్యక్షుడిగా ఆయన్నే వేశారు. అప్పటికి ఆయన సభలో లేరు. దాని గురించి నాలుగు పేజీలు రాసుకొచ్చాను. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంకొకటి చెప్పకుండా ఆ నాలుగు పేజీలు చదివితే అబద్ధమవుతుందనిపించింది. కాగితాలు పక్కన పెడుతున్నాను.

మా ఆఫీసులో తెలుగు టైపు మిషను ఒకటుండేది. బీరువా పక్కన, గుడ్డ కప్పి. భాషా సంఘంవాళ్ళు తనిఖీకి వస్తున్నారంటే గుడ్డ తీసి, తుడిచి, ముందు బల్ల మీద పెట్టేవాళ్ళం. రిబ్బను ఉందో లేదో ఎవరూ చూడలేదు. ఊరు పేరు చెప్పను, అధికారి పేరు చెప్పను, అందరూ పోయారు. 1981లో పిల్లకాలువ కోసం భూసేకరణ జరిగింది. ఒక రైతుది పద్దెనిమిది సెంట్లు పోయింది. పరిహారం ఇంత ఖరారైందని అతనికి నోటీసు పంపాలి. నేను తెలుగులో రాసి పెట్టాను. గడువు లోపల అర్జీ పెట్టుకుంటే కోర్టు ద్వారా ఎక్కువ అడగొచ్చని కూడా కింద ఒక వాక్యం రాశాను. పై అధికారి ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టారు. ఫారం ఇంగ్లీషులోనే ఉంది, దాన్నే పంపమన్నారు.

నేను ఇంగ్లీషులో టైపు చేశాను. వినండి, టైపు చేసింది నేనే. చట్టం వచ్చి పదిహేనేళ్ళయింది, నా జేబులో దాని నకలుంది, అయినా ఒక్క మాట అనలేదు. చేరి ఎనిమిదేళ్ళు, ప్రమోషను దగ్గర్లో ఉంది.

ఆ రైతు నోటీసు తీసుకుని వేలిముద్ర వేసి, ఇంటికెళ్ళి దూలం సందులో దోపుకున్నాడట. సర్కారు కాగితం కదా, భద్రంగా ఉంచాలని! అతని పక్క పొలంవాళ్ళ అల్లుడు ప్లీడరు దగ్గర గుమాస్తా. వాళ్ళు గడువులో అర్జీ పెట్టారు, కోర్టులో ఎక్కువ వచ్చింది. ఆ సంగతి ఊళ్ళో తెలిశాక ఇతను ఆఫీసుకొచ్చాడు. మసిపట్టిన ఆ కాగితం నా బల్ల మీద పెట్టి, "అయ్యా, నాకూ అంతే పోయింది గదా, నాకెందుకు రాలేదు?" అన్నాడు. గడువు దాటిపోయిందన్నాను. "గడువని ఇందులో ఉందా బాబూ?" అన్నాడు. ఉంది. ఆరో లైనులో ఉంది. నేనే టైపు చేశాను కాబట్టి చూడకుండానే చెప్పగలను.

కోపం తెచ్చుకోలేదు. దండం పెట్టి వెళ్ళిపోయాడు. తిడితే బాగుండేది.

వావిలాల గారు నలభై ఏళ్ళు భాష భాష అని ఎందుకు కొట్టుకున్నారో నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు, ఆ కాగితం చెప్పింది. పద్యాల తెలుగు కాదు, అవధానాల తెలుగు కాదు. మనకి భాషా దినోత్సవం అనగానే పంచెలు కట్టుకుని పద్యాలు పాడటం అలవాటు. నేనూ పాడాను. మర్నాడు ఆఫీసుకెళ్ళి ఇంగ్లీషు నోటీసు మీద స్టాంపు కొట్టాను.

అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. అవునండీ, దాటిపోయింది, నా గడువూ దాటిపోయింది. మద్యనిషేధ ఉద్యమంలో ఆయన పాత్ర గురించి చెప్పాల్సింది, చెప్పలేదు. వచ్చే ఏడు పిలిస్తే చెబుతాను. ఒక్క చిన్న మనవి లైబ్రేరియన్ గారికి. శాసనసభ చర్చలు అచ్చయిన సంపుటాలు ఉంటాయి. సభ్యుడు ఏ భాషలో మాట్లాడితే ఆ భాషలోనే అచ్చు వేస్తారు. 1962 నుంచి 1972 దాకావి ఒక్క వరస ఈ ఊరికి తెప్పించగలరేమో చూడండి. జిల్లా గ్రంథాలయ సంస్థకు అర్జీ నేను రాసిస్తాను. తెలుగులోనే రాస్తాను, భయపడకండి.

ఆ నోటీసు జిరాక్సు నా దగ్గరుంది, అతని పేరు చెరిపేసి తెచ్చాను. చూడాలనుకున్నవాళ్ళు టీ దగ్గర అడగండి. కళ్ళజోడు తెచ్చుకోండి, మసి వల్ల సరిగ్గా రాలేదు.