విశ్వవిద్యాలయాలకు నిధులు తగ్గితే నష్టపోయేది ఎవరు?

విశ్వవిద్యాలయాల పరిశోధనకు ప్రభుత్వం డబ్బు ఇస్తోందనగానే ఒక ప్రశ్న వినిపిస్తుంది: "ఇంత ఖర్చు పెడితే ఒరిగిందేమిటి?" అడగవలసిన ప్రశ్నే. కాకపోతే జవాబుకు ఎన్నేళ్లు గడువిస్తున్నాం?

1966లో థామస్ బ్రాక్ అనే శాస్త్రవేత్త అమెరికాలోని యెల్లోస్టోన్ వేడినీటి బుగ్గల్లో బతికే సూక్ష్మజీవుల కోసం వెతుకుతున్నారు. ఖర్చు భరించింది ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ సైన్స్ ఫౌండేషన్. అక్కడి నమూనాల నుంచి ఒక కొత్త బ్యాక్టీరియాను వేరుచేసి పెంచింది ఎవరో తెలుసా? ఆయన దగ్గర చదువుతున్న డిగ్రీ విద్యార్థి హడ్సన్ ఫ్రీజ్. సుమారు 70 డిగ్రీల వేడిలో హాయిగా పెరిగే ఆ జీవి పేరు థర్మస్ ఆక్వాటికస్. అది దేనికి పనికొస్తుందో అప్పుడు ఎవరూ చెప్పలేకపోయేవారు.

1983లో కేరీ మల్లిస్ అనే అమెరికా శాస్త్రవేత్తకు డీఎన్‌ఏ నకళ్లను కోట్ల సంఖ్యలో తయారుచేసే పీసీఆర్ పద్ధతి తట్టింది. అందులో నమూనాను పదేపదే దాదాపు మరిగేంత వేడి చేయాలి. నకళ్లు తయారుచేసే ప్రొటీన్‌ను ఎంజైము అంటారు; అంత వేడికి మామూలు ఎంజైము పాడైపోతుంది, ప్రతిసారీ కొత్తది కలపాలి. ఆ బుగ్గలో దొరికిన బ్యాక్టీరియా ఎంజైము మాత్రం తట్టుకుని నిలిచింది. కోవిడ్ కాలంలో కోట్ల మందికి పరీక్షలు చేసింది పీసీఆర్‌తోనే. నిజమే, మల్లిస్ పనిచేసింది ప్రైవేటు కంపెనీలో. అయితే ఎప్పటికో అక్కరకొస్తుందని బుగ్గల్లో బ్యాక్టీరియాను వెతికించే కంపెనీ ఎక్కడుంది?

ఈ కథలో నా మనసంతా ఆ విద్యార్థి మీదే. పరిశోధనకు ఇచ్చిన డబ్బు అతని చదువుకు కూడా పనికొచ్చింది. నిధులు ఎండిపోయిన చోట ఏం జరుగుతుంది? ఖాళీలు భర్తీ కావు. గంటల లెక్కన జీతమిచ్చి తాత్కాలిక అధ్యాపకులతో నెట్టుకొస్తారు. వచ్చే ఏడాది తాను ఉంటాడో లేదో తెలియని అధ్యాపకుడు పదేళ్లు పట్టే పనిని ఎలా తలకెత్తుకుంటాడు? రసాయనాలు చాలక ఒకరు ప్రయోగం చేస్తుంటే మిగిలినవారు చుట్టూ నిలబడి చూసి రికార్డు నింపుతారు. అలా వచ్చిన పట్టాతో చేతికి పని ఎలా వస్తుంది?

డబ్బు ఉన్నంత మాత్రాన సరిపోదు, అదీ ఒప్పుకోవాలి. గ్రాంట్లు మంజూరు చేసే కమిటీలు ఫలితం ఖాయమనిపించే ప్రతిపాదనల వైపే మొగ్గుతాయి. తర్వాత కొన్ని కోవిడ్ టీకాలకు ఆధారమైన ఎంఆర్‌ఎన్‌ఏ (ప్రొటీన్ తయారీకి కణానికి సూచనలిచ్చే అణువు) మీద పనిచేసిన శాస్త్రవేత్త కాటలిన్ కరికోకు గ్రాంట్లు దక్కలేదు, 1995లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం ఆమె హోదా తగ్గించింది. 2023లో ఆమెకు నోబెల్ వచ్చింది. ఆమె పట్టుదల వల్ల ఆ పని బతికింది గానీ, నిధుల వ్యవస్థ వల్ల కాదు.

అందుకే నేను కోరేది ఇది: ఒక ఏడాది దండిగా ఇచ్చి మరుసటి ఏడాది కోత పెట్టకుండా, కనీసం ఐదేళ్లకు హామీ ఇవ్వండి. అందులో కొంత వాటాను ఫలితం ముందే చెప్పలేని పనులకు కేటాయించండి. విశ్వవిద్యాలయాలు కూడా ప్రతి పైసాకూ లెక్కను జనం ముందు పెట్టాలి.