కళ్ళంలో ఆపిన వ్యాన్: పర్లాకిమిడి నుంచి కోరాపుట్ దాకా మూడు రాత్రులు, క్యాంపర్ వ్యాన్ రివ్యూ

నమస్తే అండి. ముందుగా ఈ క్లిప్ చూడండి. నేల మీద రెండు చారలు కనిపిస్తున్నాయి కదా, అవి మా వ్యాన్ టైర్ల గుర్తులు. ఆ నేల ఒకరి కళ్ళం. ముందు రోజే పేడతో అలికి, నూర్పులకు సిద్ధం చేసి పెట్టుకున్నారు. రాత్రి తొమ్మిదిన్నరకు హెడ్‌లైట్ వెలుగులో మాకు మాత్రం చదునుగా, గట్టిగా ఉన్న ఖాళీ జాగాలా కనిపించింది.

విశాఖలో క్యాంపర్ వ్యాన్ అద్దెకు తీసుకుని, ఒడిశాలో మా ఊరు పర్లాకిమిడి నుంచి గుణుపురం, రాయగడ మీదుగా కోరాపుట్ దాకా వెళ్ళాం. నేను, మా ఆవిడ, మా పాప. మూడు రాత్రులు వ్యాన్‌లోనే పడుకున్నాం. వ్యాన్ సంగతి త్వరగా చెప్పేస్తాను. మంచం ముగ్గురికీ సరిపోయింది. స్టవ్ బాగా పనిచేసింది. నీళ్ళ ట్యాంకు పొదుపుగా వాడితే రెండు రోజులు వచ్చింది. ఘాట్‌లో బండి బరువు తెలుస్తుంది, ఓపిగ్గా నడపాలి. నంబర్ ప్లేటు నల్లది, అక్షరాలు పసుపు. మనమే నడుపుకునే అద్దె బండికి ఉండాల్సింది అదే. ఎవరైనా తెల్ల ప్లేటు బండి అద్దెకు ఇస్తామంటే తీసుకోకండి. దారిలో ఆపితే ఇబ్బంది పడేది మీరే.

నాకు కోపం తెప్పించింది వాళ్ళు తాళంతో పాటు ఇచ్చిన కాగితం. 'ఖాళీ స్థలం ఎక్కడ కనిపించినా రాత్రి ఆపుకోవచ్చు' అని అందులో ఉంది. నేను నమ్మాను. అది తప్పు. మన దేశంలో మనది కాని నేల మీద రాత్రి మకాం వేసే హక్కును ఏ చట్టమూ మనకు ఇవ్వలేదు. కంచె లేనంత మాత్రాన అది ఎవరిదీ కాని జాగా అయిపోదు. మన వైపు పొలాలకు కంచెలు ఎక్కడుంటాయండీ, గట్లే కదా ఉంటాయి.

మొదటి రాత్రి బాగానే గడిచింది. గుణుపురం దాటాక ఒక పెట్రోల్ బంకులో డీజిల్ కొట్టించి, అక్కడున్న మేనేజర్ గారిని అడిగాను. 'లారీలకు అడ్డం రాకుండా గోడ వారగా పెట్టుకోండి' అన్నారు. పెట్టుకున్నాం, పడుకున్నాం. రెండో రోజు పొద్దుపోయింది, పాపకు నిద్ర ముంచుకొస్తోంది, రోడ్డు పక్కన ఆ జాగా కనిపించింది. అడుగుదామంటే చుట్టుపక్కల మనిషి లేడు. ఆపేశాను.

తెల్లవారుజామున ఐదింటికి ఎవరో తలుపు తట్టారు. దిగి చూస్తే ఒక మామ్మ, వెనక ఇద్దరు కొడుకులు, ఎడ్ల బండి నిండా వరి మోపులు. మామ్మ అరవలేదు. నేల వంక చూసి, 'నిన్ననే అలికినాం బాబూ' అంది. అంతే. పెద్ద కొడుకు మాత్రం గట్టిగానే అడిగాడు. అడగాలి కూడా. పేడ పూత పెచ్చులు లేచిపోయింది. దాని మీద ధాన్యం పోస్తే మట్టి కలుస్తుంది. మళ్ళీ అలికి ఆరబెట్టాలంటే వాళ్ళకు ఒక రోజు పని ఆగిపోతుంది. కూలీలను అప్పటికే పిలుచుకున్నారు. నేను క్షమాపణ చెప్పి, ఆ రోజు కూలీ డబ్బులు ఇచ్చాను. మామ్మ తీసుకోవడానికి ముందు ఒప్పుకోలేదు. 'అడిగితే వద్దంటామా బాబూ, ఆ సింతసెట్టు కింద పెట్టుకోమందును' అంది. ఆ మాట విన్నాక ఇంటికి వచ్చి చట్టం చదివాను. చదివింది మీకు చెప్పడానికే ఈ వీడియో.

మామ్మ చెప్పిన 'పెట్టుకోమందును' అన్న మాటకు చట్టంలో ఒక పేరుంది, లైసెన్స్. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం, అంటే ఇతరుల నేలను వాడుకునే హక్కుల, అనుమతుల చట్టం, 52వ సెక్షన్. ఆ చట్టం మొదట అమలైన ప్రాంతాల్లో మద్రాసు ప్రెసిడెన్సీ ఒకటి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రం అయ్యేదాకా మన పర్లాకిమిడి, గుణుపురం, కోరాపుట్ అన్నీ ఆ ప్రెసిడెన్సీలోనివే. లైసెన్స్ అంటే నేల గలవాడు 'ఫలానా పని చేసుకో' అని ఇచ్చే అనుమతి. దానివల్ల ఆ నేల మీద మనకు ఏ హక్కూ రాదు. నోటి మాటగా ఇచ్చినా చెల్లుతుంది. మామూలుగా ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. తీసుకుంటే మనం వెళ్ళిపోవాలి, కానీ సామాను సర్దుకుని కదలడానికి తగినంత సమయం ఇవ్వాలని 63వ సెక్షన్ చెబుతోంది. డబ్బు తీసుకుని ఇచ్చిన అనుమతిని మన తప్పేమీ లేకుండా మధ్యలో తెంచేసి పంపేస్తే పరిహారం అడగవచ్చని ఆ తర్వాతి సెక్షన్. ఇంకో ముఖ్యమైన సంగతి, ఇలాంటి అనుమతిని పొందినవాడు ఇంకొకడికి బదిలీ చేయలేడు. అందుకే అద్దెకిచ్చినవాళ్ళు 'మేము ఊళ్ళో మాట్లాడి పెట్టాం' అన్నా సరే, మీరు స్వయంగా వెళ్ళి అడగండి.

మరి అడక్కుండా ఆపితే నేరమా? మన నేర చట్టం భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ ప్రకారం, నేరం చేయాలనో, భూమి అనుభవంలో ఉన్నవాళ్ళను బెదిరించాలనో, అవమానించాలనో, వేధించాలనో ఉద్దేశంతో ప్రవేశిస్తే అది క్రిమినల్ ట్రెస్‌పాస్. అనుమతితో లోపలికి వచ్చి, ఆ తర్వాత అలాంటి ఉద్దేశంతో కదలకుండా ఉండిపోయినా అంతే. శిక్ష 3 నెలల దాకా జైలు, లేదా 5000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. తెలియక చీకట్లో ఆపిన నాది ఆ కిందికి రాకపోవచ్చు. అయినా ఆ కుటుంబానికి నష్టం జరిగింది, దానికి నేను బాధ్యుణ్ణే. పెద్ద కొడుకు లేవమన్నాక 'ఉదయం దాకా ఉంటాం, ఏం చేస్తారో చేసుకోండి' అని ఉంటే మాత్రం సంగతి వేరేగా ఉండేది.

'విదేశాల్లో ఎక్కడైనా ఆపుకోవచ్చు కదా' అని నన్ను చాలామంది అడుగుతుంటారు. స్వీడన్‌లో ఎవరి అడవిలోనైనా నడవచ్చు, ఒకటి రెండు రాత్రులు గుడారం వేసుకోవచ్చు, కానీ ఆ హక్కు మోటారు బండికి లేదు. స్కాట్లాండ్ 2003 చట్టంలోనూ అంతే, నడిచే మనిషికి హక్కు ఉంది, బండికి లేదు. ఇంగ్లండ్‌లో నాకు నచ్చింది 1960 నాటి కారవాన్ చట్టం. రైతు తన నేలలో ఒక కారవాన్‌ను, అంటే ఇల్లులా వాడుకునే బండిని, వరుసగా రెండు రాత్రులకు మించకుండా, ఏడాదిలో మొత్తం 28 రోజుల దాకా సైట్ లైసెన్స్ (కారవాన్లు నిలిపే చోటుకు అధికారులు ఇచ్చే అనుమతి) లేకుండానే ఉండనివ్వచ్చు. మన దగ్గర కూడా ఇలాంటిది రాస్తే బాగుంటుందని నా అభిప్రాయం. మామ్మలాంటి వాళ్ళు రాత్రికి ఇంత అని ధైర్యంగా తీసుకోగలుగుతారు.

ఇక రోడ్డు. సాలూరు నుంచి సుంకి, పొట్టంగి మీదుగా వచ్చే 26వ నంబర్ జాతీయ రహదారి మీద ఘాట్‌లో పక్కకు తీసి పడుకునే బండ్లు కనిపిస్తాయి. దయచేసి మీరు అలా చేయకండి. ఇతరులకు ప్రమాదం కలిగేలా బండి నిలపకూడదని మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ చెబుతోంది. పబ్లిక్ స్థలంలో 10 గంటలు, అంతకు మించి వదిలేసిన బండిని పోలీసులు తరలించవచ్చని 127వ సెక్షన్. మంచు పట్టిన మలుపులో వెనక నుంచి లారీ వస్తే సెక్షన్లు మనల్ని కాపాడవు.

అడవి అంచున ఇంకా జాగ్రత్త. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా దిగడం, నిప్పు పెట్టడం నేరం. ఒడిశాలో దానికి 1972 నాటి సొంత చట్టం ఉంది. ఊరి పక్క పచ్చిక బయలు చూసి సర్కారుదే కదా అనుకోకండి. ఒడిశా భూమి రికార్డుల వెబ్‌సైట్ భూలేఖ్‌లో చూస్తే 'గోచర్' అని ఉంటుంది, అది ఊరి పశువుల మేత. మహారాష్ట్రలోని సిరోంచ వైపు నుంచి చూస్తున్నవాళ్ళకు కూడా చెప్పాలి. మీ గడ్చిరోలి జిల్లాలోనే మేంఢా లేఖా ఊరికి 2009లో సామూహిక అటవీ హక్కులు వచ్చాయి. అలాంటి చోట అడగాల్సింది గ్రామసభను. పట్టాలో తాత పేరు ఉండి మనవడు సాగు చేస్తుంటే, ముందు మనవణ్ణే అడగండి. పంట అతనిది.

దేవమాలి కొండ కింద ఆదివాసీల భూమి కౌలుకు తీసుకుని క్యాంప్ పెడతామని ఇద్దరు ముగ్గురు నన్ను సలహా అడిగారు. కోరాపుట్, రాయగడ జిల్లాలు షెడ్యూల్డ్ ఏరియా, అంటే గిరిజనులకు రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన ప్రాంతం. గిరిజనుల భూమి చేతులు మారకుండా అడ్డుకునే ఒడిశా నిబంధన, 1956 నాటి 2వ రెగ్యులేషన్ ప్రకారం గిరిజనుల భూమి గిరిజనేతరులకు అమ్మకమైనా, తనఖా అయినా, కౌలైనా బదిలీ కిందే లెక్క. ఒక రాత్రి బండి పెట్టుకోనివ్వడం వేరు, ఏళ్ళ తరబడి కాగితం రాయించుకోవడం వేరు. ఆ రెండో పనికి నేను సలహా ఇవ్వను, మీరూ దిగకండి.

మూడో రాత్రి సెమిలిగుడ దగ్గర. ఈసారి నాలుగున్నరకే వెతకడం మొదలుపెట్టాం. రోడ్డుకు కాస్త లోపలగా, రాగి కోసేసిన మెట్ట నేల కనిపించింది. పక్కనే మేకలు తోలుకొస్తున్న ఒకాయన్ని 'బాబాయ్, ఇది ఎవరిది' అని అడిగితే, 'మాదే' అన్నాడు. మేము ముగ్గురం అని, పొయ్యి బయట వెలిగించమని, వాడిన నీళ్ళు ట్యాంకులోనే ఉంటాయని, చెత్త మాతోనే తీసుకెళ్తామని చెప్పాను. వంద రూపాయలు ఇస్తే తీసుకున్నాడు. 'పొద్దున్న ఎనిమిదికి మేకలు ఇటే వస్తాయి, ఆలోగా తీసేయండి' అన్నాడు.

చలికి పాప దుప్పటిలోంచి బయటికి రాలేదు. ఏడున్నరకు వ్యాన్ రోడ్డెక్కింది.